రాజా దీన్ దయాళ్: వేట శిబిరమున ఛాయాచిత్రకళ

సికింద్రాబాదునుండి బెజవాడకు పోవు ఇనుపదారిలో వరంగల్లు దాటిన పిమ్మట నెక్కొండ యను చిన్న స్టేషను వచ్చును. దారిని పోవు ప్రయాణికులలో అనేకులకు ఆ పేరు పట్టదు. కాని 1902వ సంవత్సరపు వేసవిలో ఆ చుట్టుపట్ల నున్న అడవులకు భారతదేశపు రాజప్రతినిధి లార్డు కర్జను సతీసమేతుడై పులివేటకు వచ్చెను. మొదటినాటి వేట ముగిసిన పిదప ఆ దంపతులు చచ్చిన పులితో గూడ శిబిరమున నిలిచియుండగా తీసిన ఛాయాచిత్రము నేటికిని అచ్చుపడుచున్నది. బ్రిటిషు సామ్రాజ్య వైభవమును గూర్చిన గ్రంథములలో దానికి తఱచుగా చోటు దొరకుచున్నది. చూచువారు పులిని చూతురు, ప్రభువును చూతురు, దొరసానిని చూతురు. ఆ చిత్రమును సిద్ధపఱచిన చేతిని తలచువారు అరుదు. ఆ చేయి సికింద్రాబాదు చిత్రశాలది. ఆ చిత్రశాలకు అధిపతి రాజా దీన్ దయాళ్.

ఛాయాచిత్రము క్షణములో పుట్టునను మాట లోకమున వాడుకలో నున్నది. పందొమ్మిదవ శతాబ్దపు చిత్రకారుని విషయమున ఆ మాట సగమే సత్యము. కటకముపైని మూత తీసి వేయుటకు క్షణము చాలును. ఆ క్షణము వ్యర్థము కాకుండుటకు మాత్రము దినములకొలది సన్నాహము వలయును. నగరమునకు దూరముగా, ఎండలు మండు అడవిలో, మఱొకసారి నిలువుడని కోరుటకు ఎవరికిని ధైర్యము చాలని మహాప్రభువుల యెదుట ఆ పని చేయవలసి వచ్చినప్పుడు సన్నాహమే సర్వస్వము. దీన్ దయాళ్ జీవితము మొదటినుండియు అట్టి సన్నాహమునకు అలవాటుపడిన జీవితము.

ఆయన 1844వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానమున మీరట్ సమీపమందలి సర్ధానా పట్టణమున జన్మించెను. జైన మతస్థులగు నగల వర్తకుల కుటుంబము వారిది. రవ్వ బరువును, మెఱుపును పరీక్షించు కంటికి విలువగల యిల్లది. ఆ బాలుడు కులవృత్తి వైపు పోక రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. 1857 నాటి తిరుగుబాటు అణగిన తరువాత దేశమంతట రహదారులు, వంతెనలు, కచేరీలు విరివిగా లేచుచున్న కాలమది. ఆ నిర్మాణములకు వలసిన ఉద్యోగులను ఆ కళాశాల తయారుచేయుచుండెను. చదువు ముగించుకొని దీన్ దయాళ్ 1866లో మధ్య హిందూస్థానమందలి ఇండోరు చేరి, అచటి ప్రభుత్వ నిర్మాణశాఖ కార్యాలయమున పటములు గీయుటకును, అంచనాలు వేయుటకును ముఖ్యోద్యోగిగా ప్రవేశించెను.

అంచనా వేయువాని పని బయటివారి కంటికి ఆనదు. మేడ లేచిన తరువాత చూపఱులు మేడనే మెచ్చుకొందురు. ఎన్ని యిటుకలు కావలెను, ఎంత సున్నము కావలెను, బండి యే దారిని రావలెను, వానకాలము లోపల ఎంత గోడ లేవవలెను అని ముందుగా లెక్క కట్టినవాని పేరు ఆ గోడపై నుండదు. లెక్క తప్పినప్పుడు మాత్రము అతడే దోషి. ఇట్టి కొలువులో దీన్ దయాళ్ రమారమి ఇరువది సంవత్సరములు గడపెను. కండ్లకు కనబడని వస్తువును కాగితముపై ముందే చూచుట, లేనిదానిని తెచ్చుకొనుటకు వ్యవధి చాలని చోట అన్నియు వెంట నుంచుకొనుట ఆ కొలువు నేర్పు విద్య. తరువాతి కాలమున అడవిలో డేరా వేసినప్పుడు ఆయనకు అక్కఱకు వచ్చినది ఆ విద్యయే.

1874 ప్రాంతమున ఆయన ఛాయాచిత్రకళ నభ్యసింప మొదలిడెను. అప్పటికి ఆయనకు ముప్పది సంవత్సరములు. మధ్య హిందూస్థానమున గవర్నరు జనరలుకు ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించెను. ఇండోరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆదరించెను. రాజప్రతినిధి లార్డు నార్త్‌బ్రూక్ చిత్రమును తీయు భాగ్యము ఆయనకు తొలినాళ్ళలోనే కలిగెను. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశమునకు వచ్చినప్పుడు ఆ యాత్రకు సంబంధించిన చిత్రములను గూడ తీసెను. కొలువు చేయుచునే తీఱిక వేళలలో సాధించిన విద్యకు ఇంత త్వరగా ఇంత గుర్తింపు దొరకుట సామాన్యము కాదు.

ఆ దినములలో ఈ కళ యెంత కష్టసాధ్యమో నేటివారికి ఊహించుట కష్టము. గాజుపలకపై కొలోడియను అను జిగట ద్రవమును సమముగా పాఱించి, చీకటిలో వెండిక్షారపు నీటిలో ముంచి, ఆ తడి యారకముందే కెమేరాలో నుంచి చిత్రమును తీసి, వెంటనే మరల చీకటిలోనికి కొనిపోయి కడుగవలెను. తడి యారినచో పలక పనికిరాదు. కావున చిత్రకారుడు ఎచటికి పోయినను చీకటిగదిని వెంట గొనిపోవలసియుండెను. డేరా, మందుల సీసాలు, నీళ్ళ పాత్రలు, గాజుపలకల పెట్టెలు అన్నియు బండ్లపై నడచెడివి. బయట ఎండ, డేరాలో ఉక్క, చేతికి అంటు వెండి మరకలు, ముక్కునకు ఎక్కు ఈథరు వాసన, వీని నడుమ చేయి వణకకుండ పని చేయవలసియుండెను. తరువాత ముందుగానే పూత పూసి ఆరబెట్టిన పలకలు సీమనుండి వచ్చి ఈ శ్రమను చాల వఱకు తగ్గించెను. తడిపలకల కాలమున చేయి తిరిగినవాడు గనుక దీన్ దయాళ్‌కు ఆరుపలకల పని సులువైనది.

సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట 1882లో ఆయన బుందేల్‌ఖండు ప్రాంతమున పర్యటించి కోటలను, దేవాలయములను చిత్రించెను. మధ్య హిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో ఆ చిత్రములతో వెలువడెను. 1885లో రాజప్రతినిధి లార్డు డఫ్రిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఇంత పేరు వచ్చిన పిమ్మట అంచనాల కచేరీలో కూర్చుండుట సాధ్యము కాలేదు. ఆయన ఉద్యోగమును వదలి ఈ కళనే జీవనముగా స్వీకరించెను. నలుబది దాటిన గృహస్థు నెలజీతమును విడిచి, ప్రభువుల మెప్పుపై ఆధారపడు వృత్తిలోనికి దిగుట సాహసమే యగును.

ఆ సాహసమునకు నెలవైన నగరము సికింద్రాబాదు. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన ఈ ఊరు ఆంగ్లసైన్యమునకు పెద్ద విడిది. 1874లో రైలు వచ్చెను. ఒక ప్రక్క దండులోని దొరలు, వారి కుటుంబములు. ఒక ప్రక్క హుస్సేన్‌సాగరమునకు ఆవల నిజాము కొలువు, నవాబులు, జాగీర్దారులు. చిత్రకారునికి ఇంతకంటె అనుకూలమగు స్థలము దొరకదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన చిత్రకారునిగా ఆదరించెను. 1886లో దీన్ దయాళ్ సికింద్రాబాదున తన చిత్రశాలను స్థాపించెను. ఘోషా స్త్రీల చిత్రములను తీయుటకై 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక జనానా చిత్రశాలను తెఱచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. 1893లో అమెరికాలోని షికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1894లో నిజాము ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. యుద్ధవీరులకు చెల్లు జంగ్ శబ్దము చిత్రకారుని పేరి చివర చేరుట ఆ బిరుదులోని విశేషము. 1896లో బొంబాయిలో మఱొక చిత్రశాల వెలసెను. 1897లో విక్టోరియా రాణి ఆయనకు తన చిత్రకారుడను గౌరవ పత్రము నిచ్చెను.

మహబూబ్ అలీఖాను 1866లో పుట్టి, మూడవ యేటనే సింహాసనమునకు వచ్చి, 1884లో లార్డు రిప్పను చేతులమీదుగా పూర్ణాధికారమును స్వీకరించిన ప్రభువు. ఆయనకు వేటపై మక్కువ మెండు. ముప్పదికి పైగా పులులను చంపెననియు, అందుచేత తీస్ మార్ ఖాన్ అను పేరు వచ్చెననియు ప్రజలు చెప్పుకొనిరి. కాని ఆ కాలపు సంస్థానములలో వేట వినోదము మాత్రమే కాదు. అది రాజనీతిలో నొక భాగము. దర్బారులో రాజప్రతినిధికిని, సంస్థానాధీశునకును మధ్య ఆసనముల దూరము సయితము కొలిచి నిర్ణయింపబడెడిది. అడవిలో ఆ కట్టుబాట్లు కొంత సడలెడివి. సీమనుండి వచ్చిన యువరాజులకును, సేనానులకును పులిని చూపించుట అతిథిమర్యాదలలో అగ్రగణ్యముగా నెంచబడెను. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రపంచయాత్ర చేయుచు వచ్చి హైదరాబాదు రాజ్యమున పులివేట కేగెను. ఇరువదియొక్క సంవత్సరములకు సారయెవో నగరమున ఆయన హత్యయే మొదటి ప్రపంచయుద్ధమునకు నిప్పురవ్వ యయ్యెను.

వేట ముగిసిన తరువాత అతిథి వెంట దేశాంతరమునకు పోవునది ఛాయాచిత్రము. పులిచర్మము ఒక మేడలోని నేలపై పఱచియుండును. చిత్రమో ప్రతులు ప్రతులుగా బంధువుల యిండ్లకును, పత్రికలకును చేరును. కావున వేట శిబిరమున తుపాకి పట్టువానికి తరువాతి స్థానము కెమేరా పట్టువానిదే. జీవహింస పరమపాపమని నమ్ము జైనకుటుంబమున పుట్టిన పురుషుడు స్థాపించిన చిత్రశాలకు వేట చిత్రములవలన గూడ కీర్తి కలుగుట విధివిచిత్రము.

పులివేటకు వేసవి యనువైన కాలము. ఆకు రాలి అడవి పలుచబడును. వాగులు ఎండి నీరు కొన్ని మడుగులలోనే మిగులును. పులి ఆ మడుగులను విడిచి దూరము పోలేదు. కావున మనుష్యులకు దుస్సహమగు చైత్ర వైశాఖ మాసములే వేటగాండ్రకు ప్రియమైన మాసములు. నెక్కొండకు ఆవల నర్సంపేట, పాకాల ప్రాంతములు దట్టమైన అడవులు. కాకతీయ గణపతిదేవుని కాలమున, పదుమూడవ శతాబ్దమున, కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన పాకాల చెఱువు అచటనే కలదు. వేసవిలోను నీరు ఇంకని చెఱువు గనుక వన్యమృగములకు అది ఆశ్రయము. 1889లో బెజవాడ వఱకు రైలుదారి పూర్తియైన తరువాత ఈ అడవులు సికింద్రాబాదునకు మిక్కిలి సమీపమయ్యెను. అంతకు పూర్వము దినములు పట్టు ప్రయాణము ఒక రాత్రి ప్రయాణమైనది. రైలు దిగిన తరువాత మాత్రము పాత కాలమే: ఏనుగులు, గుఱ్ఱములు, ఎడ్లబండ్లు, కాలినడక.

పెద్ద ప్రభువులు వేటకు వచ్చునట్టి శిబిరము ఒక చిన్న పట్టణము. ప్రభువులు రాక మునుపే చెట్లనీడ చూచి నేల చదును చేసి డేరాలు వేయవలెను. భోజనశాల, వంటశాల, స్నానపు డేరాలు, కావలివారికి, మావటీలకు, వంటవారికి వేఱువేఱు స్థలములు కుదుర్పవలెను. వారమునకు వలసిన బియ్యము, పిండి, నెయ్యి, గడ్డి, కిరసనాయిలు ముందుగా చేరవలెను. జాడలు తెలిసినవారు ఇసుకలో అడుగులు చూచి ఏ మడుగుకడ పులి తిరుగుచున్నదో నిర్ణయింతురు. సాయంకాలమున అచటచట దున్నదూడలను కట్టివేయుదురు. తెల్లవాఱి చూచినప్పుడు ఏ దూడ చచ్చియున్నదో ఆ చోటనే పులి పగటి యెండకు పొదలో పరుండియుండునని గ్రహింతురు. పిమ్మట వేటగాడు మంచెపై కూర్చుండును. వందలకొలది మనుష్యులు అర్ధచంద్రాకారముగా నిలిచి, డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు పులిని ఆ మంచె వైపు తోలుదురు. ఈ తోలుటనే హైదరాబాదు వాడుకలో హాకా యందురు.

ఆ వందల మనుష్యులు చుట్టుపట్ల పల్లెలవారు. తెలంగాణమున వెట్టిచాకిరి పాతుకొనియున్న కాలమది. అధికారి ఊరికి వచ్చినచో కట్టెలు, నీరు, కోళ్ళు, బండ్లు ఊరివారే సమకూర్పవలసివచ్చెడిది. చేతిలో కఱ్ఱ తప్ప వేఱొక ఆయుధము లేక పొదలు కొట్టుచు ముందునకు నడచువాడు పులికి మంచెపై నున్న ప్రభువుకంటె చేరువలో నుండును. గాయపడిన పులి వెనుదిరిగినచో మొదటి బలి అతడే. వేటచిత్రముల క్రింద ప్రభువుల పేర్లు వ్రాయబడెను. ఈ మనుష్యుల పేర్లు ఎచటను వ్రాయబడలేదు.

ఇట్టి శిబిరమునకు పోవు చిత్రశాలవారి సన్నాహము వేఱొక సన్నాహము. పదియంగుళముల వెడల్పును, పండ్రెండంగుళముల పొడవును గల గాజుపలకలు డజను కలిపినచో సుమారు నాలుగైదు కిలోల బరువుండును. వారము దినములకు ఎన్ని డజనులు కావలెనో ముందు లెక్కింపవలెను. తక్కువైనచో అడవిలో కొన దొరకవు. ఎక్కువైనచో బండి బరువు పెరిగి, కుదుపులకు పగుళ్ళు హెచ్చును. పలకల పెట్టెలలోనికి వెలుతురు చొరరాదు, తడి చొరరాదు, చీమ చొరరాదు. పెద్ద కెమేరా, దానిని నిలుపు మూడుకాళ్ళ కొయ్య, దూరమునకు నొకటి సమూహమునకు నొకటిగా కటకములు, నల్లగుడ్డ, ఎఱ్ఱగాజు దీపము, కడుగు తొట్లు, త్రాసు, మందుల పొట్లములు ఒక్కటియు మఱువరానివి. అంచనాల కచేరీలో ఇరువదియేండ్లు గడపినవాని చిత్రశాలలో ఈ లెక్కలకు ఎంత విలువ యుండునో చెప్పనక్కఱలేదు. ఆ సంస్థ పలకలపై సంఖ్యలు వేసి, పేర్లు వ్రాసియుంచుటను బట్టియు ఆ క్రమశిక్షణ తెలియుచున్నది.

శిబిరము చేరిన తోడనే చిత్రకారుడు చూడవలసినది పులిని కాదు, సూర్యుని. ప్రభువుల డేరాలు ఏ దిక్కునకు తిరిగియున్నవి, ఉదయమున నీడ ఎచట పడును, మధ్యాహ్నమున వెలుతురు ఎంత తీవ్రము, సాయంకాలమున చెట్లనీడ ఎంత దూరము సాగును అను వివరములను మొదటి దినముననే గుర్తింపవలెను. టోపీల అంచుల క్రింద దొరల ముఖములు నల్లబడక కనబడు తావు వెదకవలెను. ఏ తావున ఏనుగు నిలుచును, ఏ తావున పులిని పఱుండబెట్టవలెను, వెనుక డేరా కనబడవలెనా, అడవి కనబడవలెనా అని నిశ్చయించుకొనవలెను. అప్పుడే ప్రభువులు వచ్చి నిలిచిన క్షణమున తడబాటు లేకుండ పని జరుగును.

పిమ్మట చీకటి డేరా. ఒక్క రంధ్రము నుండియైనను వెలుతురు రాకుండ రెండు పొరల గుడ్డతో దానిని కప్పవలెను. తరువాతి చింత నీరు. తెలుగునాట బురదనీటిని చిల్లగింజతో తేర్చుట పూర్వాచారము. అది త్రాగుటకు చాలును గాని గాజుపలకకు చాలదు. నీటిలోని చిన్న నలుసు సయితము దొరసాని చెంపపై మచ్చయై తేలును. కావున మందులు కలుపుటకు శుద్ధమైన నీటిని పట్టణమునుండి తెచ్చుకొని, కడుగుటకు మాత్రము అడవి నీటిని గుడ్డలో వడగట్టి వాడవలెను. వేసవి వేడిమికి పలకపై పూత మెత్తబడి అంచులనుండి లేచిపోవు అపాయము గలదు. దానికి పటిక నీరు ఒక మందు. నీటిని మట్టికూజాలలో పోసి తడిగుడ్డ చుట్టి రాత్రియంతయు గాలికి నుంచి, కోడికూతకు ముందు, చల్లని జామున పలకలను కడుగుట మఱొక యుపాయము. శిబిరమంతయు నిదురించు వేళ చిత్రశాలవారికి పని వేళ. పగటి కొఱకు పలకలను చట్రములలోనికి ఎక్కించుట గూడ ఆ చీకటిలోనే జరుగవలెను. పూత గల ముఖమేదో వ్రేళ్ళతోనే తెలిసికొనవలెను.

ఈ తొందరకు కారణము లేకపోలేదు. వేసవిలో చచ్చిన పులి కళేబరము నిలువయుండదు. కొన్ని గంటలలో చర్మమును ఒలువనియెడల వెండ్రుకలు ఊడి చర్మము చెడును. వేటగాడు అలసియుండును; చర్మము ఒలుచువారు కత్తులు నూఱుకొని వేచియుందురు; వెలుతురు తగ్గుచుండును. ఆ స్వల్ప వ్యవధిలో చిత్రము రావలెను. తప్పినచో ఆ పులిని తిరిగి నిలుపలేరు. మఱునాడు ప్రభువు వేఱొక పులిని చంపునో లేదో ఎవరికెఱుక? వారము దినముల సన్నాహమంతయు ఆ కొన్ని నిమిషముల కొఱకే. నెక్కొండ చిత్రములో దంపతుల నిలుకడయు, పులి చారల స్పష్టతయు ఈ సన్నాహపు ఫలములు. ఆ దొరసాని షికాగోలో పుట్టిన అమెరికా వనిత మేరీ లైటరు. తొమ్మిది సంవత్సరములకు ముందు దీన్ దయాళ్ చిత్రములకు బహుమానమిచ్చిన నగరమే ఆమె జన్మస్థానము.

ఆ చిత్రమున కనబడని విషయము మఱొకటి కలదు. 1902 మార్చి నెలాఖరున కర్జను హైదరాబాదున నిజామును కలిసికొని బేరారు ప్రాంతమును గూర్చి మాటలాడెను. సైన్యపు ఖర్చుల పేర 1853లో ఆంగ్లేయుల చేతికి పోయిన ఆ సారవంతమైన భూభాగమును తిరిగి పొందుటకు మొదటి సాలార్ జంగు జీవితాంతము పాటుపడెను. కర్జను రాకతో ఆ ఆశ అడుగంటెను. ఏటికి ఇరువదియైదు లక్షల రూపాయల కౌలునకు బేరారును శాశ్వతముగా ఆంగ్లప్రభుత్వమునకు వదలుటకు నిజాము సమ్మతించెను. ఆ యేడు నవంబరులో ఒడంబడిక వ్రాతమూలకముగా ముగిసెను. మార్చికిని, నవంబరునకును నడుమ జరిగినది నెక్కొండ వేట. చిత్రమున ఒక్క పులి పడియున్నది. ఆ యేట హైదరాబాదు రాజ్యము కోల్పోయినది ఒక్క పులిని మాత్రమే కాదు.

రాజులకు వైభవమును చూపు చిత్రములే కోరిక. వారి కోరిక తీర్చుట దీన్ దయాళ్ వృత్తి. అయినను ఆయన సంస్థ పలకలలో వైభవమొక్కటే మిగులలేదు. 1899-1900 నాటి ఘోరమైన కఱవులో ఔరంగాబాదు ప్రాంతమున నిజాము ప్రభుత్వము చేయించిన సహాయపు పనులను గూడ ఆ చిత్రశాల చిత్రించెను. కఱవు పనిలో బారులు తీరిన బడుగు దేహములును, వేట శిబిరములో పట్టుగుడారములును ఒకే రాజ్యమున, ఇంచుమించు ఒకే కాలమున నిలిచియుండెను. రెండింటిని ఒకే చిత్రశాల ఒకే శ్రద్ధతో పలక కెక్కించెను. అద్దము మాట వినదు. ప్రభువు ముందునకు నిలిచినను, వెనుక ఏనుగుకడ నిలిచిన మావటి ముఖమును, డేరా త్రాడు పట్టుకొనిన నౌకరు చేతిని, అంచున వంగి చూచుచున్న పల్లెవానిని గూడ అది గ్రహించును. పెద్ద పలకలపై స్పష్టముగా తీయవలెనను పట్టుదలయే వీరికి చరిత్రలో కొంత తావిచ్చినది.

1903 జనవరిలో ఢిల్లీ దర్బారు జరిగెను. దాని చిత్రములను గూడ దీన్ దయాళ్ సంస్థ తీసెను. అది ఆయన జీవితమున చివరి పెద్ద ఉత్సవము. జ్ఞానచంద్, ధరంచంద్ అను ఇద్దఱు కుమారులు తండ్రికి వృత్తిలో తోడుగా నుండిరి. వారిలో ధరంచంద్ 1904లో మరణించెను. మఱుసటి యేడు, 1905 జూలై 5వ తేదీన, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు అఱువదియొక్క సంవత్సరములు. ఆ యేటనే కర్జను పదవి విడిచి దేశమును వీడెను. దొరసాని 1906లో మరణించెను. మహబూబ్ అలీఖాను 1911లో పరమపదించెను. ఆ ఆదరణము పోవుటతో చిత్రశాల పూర్వపు వెలుగు క్రమముగా క్షీణించెను.

గాజు పగులు వస్తువు. రాజ్యములు కూలిన శతాబ్దమున గాజుపలకలు నిలుచుననుట నమ్మశక్యము కాని మాట. ఐనను అవి నిలిచినవి. వంశీయులు కాపాడినవానిలో 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించి భద్రపఱచెను. 2006లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్ళను వెలువరించెను. ఆ యేడే హైదరాబాదు సాలార్ జంగు ప్రదర్శనశాలలో ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను.

అడవి కథ వేఱు విధముగా సాగెను. పాకాల ప్రాంతము 1952లో వన్యప్రాణుల రక్షితస్థలమయ్యెను. 1970లో దేశమంతట పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఒకప్పుడు పులిని చంపి ప్రక్క నిలిచి చిత్రము తీయించుకొనుట గౌరవముగ నుండెను. నేడు అడవిలో చెట్లకు కట్టిన కెమేరాలు పులి దారిని వేచియుండి, దాని చారలను బట్టి దానిని లెక్కించుచున్నవి. తుపాకి ప్రక్కన అలంకారముగా ప్రవేశించిన యంత్రము చివరకు పులికే రక్షకమయ్యెను.

దీన్ దయాళ్ ఏ ప్రభువునకును ఎదురు చెప్పినవాడు కాడు. ఆయన గొప్పతనము వేఱొక చోట నున్నది. రేపు వచ్చు క్షణము కొఱకు నేటి రాత్రి మేలుకొనుట, చూడవచ్చువాడు ప్రభువైనను, సేవకుడైనను పలక శుభ్రముగ నుండవలెనని పట్టుబట్టుట ఆయన వృత్తిధర్మము. ఆ ధర్మము ప్రభువుల వారము దినముల వినోదమునకు పనికివచ్చెను. ప్రభువులు పోయిన పిమ్మట, వారు తలపెట్టని కార్యమునకు గూడ పనికివచ్చెను. తెలుగుదేశపు అడవి యంచున నూఱేండ్లకు పూర్వము ఎవరు నిలిచిరి, ఎవరు మోసిరి, ఏమి పోయినది అని తెలిసికొన గోరువారు నేడు తెఱచి చూడవలసినవి ఆ గాజుపలకలే.